పచ్చ ఒక్కటీ ఉంచమంది

అక్కయ్య బ్యాగులో పెడుతోంది, చిన్నది తీసేస్తోంది. పొద్దున్నించీ ఇదే వరస. ఉన్ని మేజోళ్ళు పెడితే ఊరుకుంది. జలుబు మాత్రలు పెడితే సరే అంది. కొవ్వొత్తి, అగ్గిపెట్టె, బట్టలారేసుకునే తాడు, ఆ తాడుకు క్లిప్పులు కూడా పెట్టేసరికి ఇక ఊరుకోలేకపోయింది. అడుగున చేతికి గట్టిగా ఏదో తగిలింది. ఏమిటా అని పైకి తీస్తే తలుపు గొళ్ళెం.

"ఇదెందుకక్కా?"

"అక్కడి గదికి ఉందో లేదో ఎవరికి తెలుసు?"

"లేకపోతే మేకులూ సుత్తీ పట్టుకుని కూర్చోవాలా? నేను పోతున్నది కుట్టుపని నేర్పడానికి. అడవిలో కాపురం పెట్టడానికి కాదు."

"నవ్వు, నవ్వు. నీకేం!"

చిన్నదానికి యాభై దాటి చాలా కాలమైంది. అయినా తల్లి పెట్టిన పిలుపే ఇంటా బయటా నిలిచిపోయింది. ఇంటి ముందుగదే వాళ్ళ కుట్టు దుకాణం. కత్తిరింపు, మిషను చిన్నదానివి. కాజాలు, గుండీలు, ఇస్త్రీ అక్కయ్యవి. ఇద్దరూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు. తల్లి ఉన్నన్నాళ్ళూ ముగ్గురూ ఆ ఇంట్లోనే ఉన్నారు, ఇప్పుడు ఇద్దరే మిగిలారు. దూరాన ఓ పెద్ద ఊళ్ళో బట్టల ఫ్యాక్టరీవాళ్ళు, కొత్తగా చేరిన ఆడపిల్లలకు పని నేర్పడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలని కబురు పెట్టారు. మూడు నెలల పని. చిన్నది ఎగిరి గంతేసింది. అక్కయ్యకు మాత్రం ఆ రోజునుంచీ అన్నం సయించలేదు.

గడప దాటిన మనిషంటేనే అక్కయ్యకు భయం. తండ్రి సాయంత్రానికి వచ్చేస్తానని వెళ్ళిన మనిషి, రానేలేదు. అన్న ఓడ మీద పనికెళ్ళి, ఏ రేవులో దిగిపోయాడో తెలియకుండా పోయాడు. ఆఖరికి తల్లి కూడా ఆసుపత్రికి నడుచుకుంటూ వెళ్ళిందే. అందుకే ఎవరు బయలుదేరినా అక్కయ్య వాళ్ళ చేతికో పని అప్పగిస్తుంది. దారిలో దారపు ఉండలు తీసుకురమ్మనో, ఇస్త్రీపెట్టె బాగుచేయించుకు రమ్మనో చెబుతుంది. పని ఒప్పుకున్న మనిషి తిరిగి రాకుండా ఎలా ఉంటాడని ఆవిడ ధీమా.

ఈసారి చిన్నదే ముందుగా ఆ మంత్రం వేసింది. బయట టాక్సీ హారను మోగుతోంది, బ్యాగు జిప్పు మధ్యలో పట్టేసుకుంది. మోకాలితో బ్యాగును అదిమి, పళ్ళబిగువున జిప్పు లాగుతూ అంది:

"అక్కా, అమ్మతో దిగిన ఫోటో ఉంది చూడు, మెట్ల దగ్గరిది. స్టూడియోకి తీసుకెళ్ళి పెద్దది చేయించు. అంతా నలుపూ తెలుపూ చేసేసి, పచ్చ ఒక్కటీ ఉంచమను. ఈమధ్య అందరూ అలాగే చేయిస్తున్నారు, బాగుంటుంది. నేనొచ్చేసరికి గోడమీద ఉండాలి. సరేనా?"

"సరే."

"ఏడవకు. ముక్కు తుడుచుకుంటే ఇస్త్రీ బట్టలకంటుతుంది."

జిప్పు కదిలింది. చిన్నది వెళ్ళిపోయింది.

మర్నాడు అక్కయ్య ఫోటో పట్టుకుని స్టూడియోకి వెళ్ళింది. ఇరుకు గది. గోడకు తెల్లగుడ్డ, దాని ముందు తిరుగుడు స్టూలు, పక్కన అద్దం, అద్దానికి దారంతో కట్టిన దువ్వెన. మూల కంప్యూటరు ముందు స్టూడియో ఆవిడ కూర్చుని ఎవరిదో మెడ మీద మచ్చ చెరిపేస్తోంది. అక్కయ్య చెప్పిందంతా వింది, ఫోటోను యంత్రంలోకి ఎక్కించింది, తల గోక్కుంది.

"పచ్చ అంటే ఏ పచ్చ పెద్దమ్మా? ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

అక్కయ్య తెర మీదికి వంగి చూసింది. ఫోటోలో తల్లి కుర్చీలో కూర్చుని ఉంది, భుజాల మీద పసుపుపచ్చ శాలువా. ఆ కుర్చీ వెనకే తను నిలబడి ఉంది, ఒంటిమీద ఆకుపచ్చ స్వెట్టరు. చిన్నది పక్కన మెట్టు మీద, ఎప్పుడూ వేసుకునే బూడిదరంగు కోటులో.

"అదేమిటో చెప్పలేదమ్మా. పచ్చ అంది."

"చూపిస్తానుండండి."

ఆవిడ ఒక్క నొక్కు నొక్కింది. ముగ్గురూ బూడిదయ్యారు. తల్లి అప్పుడే మళ్ళీ పోయినట్టయింది. చిన్నది మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది; ఆ కోటుకు రంగు తీసినా ఒకటే, తీయకపోయినా ఒకటే. ఆవిడ ఇంకేదో కదిపింది. అక్కయ్య ఒంటిమీద స్వెట్టరు చటుక్కున చిగురించింది. మెట్ల పక్కన కొళాయి కింద ప్లాస్టిక్ బకెట్టు కూడా.

"అయ్యో, బకెట్టెందుకూ!"

"దీనికి మనిషెవరో బకెట్టేదో తెలీదు పెద్దమ్మా. ఆకుపచ్చ ఉంచమంటే ఎక్కడున్నా ఉంచేస్తుంది. వద్దంటే చేత్తో చెరిపేస్తాను. ఇప్పుడు ఇది చూడండి."

ఈసారి స్వెట్టరు ఆరిపోయింది. తల్లి శాలువా వెలిగింది. దాంతోపాటు అందరి ముఖాల్లోకీ పలచగా పసుపు వచ్చింది.

"అందరికీ కామెర్లొచ్చినట్టున్నాయే!"

"ఒంటిరంగులో కొంచెం పసుపు ఉంటుంది కదండీ, అది పైకి తేలుతుంది. తగ్గిస్తాలెండి. ఏది ఉంచమంటారు?"

"రెండూ ఉంచితే?"

"ఒక్కటీ అన్నారు కదా మీ చెల్లెలు."

అక్కడే చిక్కుపడింది అక్కయ్య. పసుపుపచ్చ అయితే చిన్నది ఉంచుకోవాలనుకున్నది అమ్మను. ఆకుపచ్చ అయితే తనను. నలభై ఏళ్ళు ఒకే దీపం కింద కూర్చుని ఒకరు కుడితే ఒకరు గుండీలు వేశారు. నువ్వంటే నాకిష్టమే అని ఒకరితో ఒకరు ఏనాడూ అనుకోలేదు. ఆ ఇంట్లో అలాంటి మాటలు లేవు. చిన్నది అమ్మ పిల్ల. అమ్మ పక్కలో పడుకున్నదీ, అమ్మ చేతి ముద్ద తిన్నదీ, అమ్మ తిట్లు తిన్నదీ అదే. తను ఆ ఇద్దరికీ ఇస్త్రీ చేసిపెట్టిన మనిషి. ఇన్నాళ్ళకు ఒక్క మాటలో చెల్లెలు ఏదో చెప్పేసి వెళ్ళింది, ఆ మాటకేమో రెండు రంగులున్నాయి.

పైగా ఆ మాట అన్నది ఎవరు? దారం కొనడానికెళ్తే దుకాణంవాణ్ణి ఏడిపించే మనిషి. చిలకపచ్చ అడిగితే పాచిపచ్చ ఇచ్చాడని మూడుసార్లు తిప్పి పంపిన మనిషి. అలాంటిది ఉత్త "పచ్చ" అని ఎలా అంది?

"రేపొస్తానమ్మా," అని అక్కయ్య లేచి వచ్చేసింది.

దారిలో తమ ఇంటి మేడమీద కాపురముండే డ్రైవరు కనిపించాడు. ఆ ఫోటో తీసింది అతనే. అక్కయ్య అతన్ని ఆపి అడిగింది.

"దీనికేముంది పెద్దమ్మా! సిగ్నల్ దగ్గర పచ్చ పడిందంటే ఏం చేస్తాను? బండి కదిలిస్తాను. పచ్చ అంటే ఆకుపచ్చే."

అక్కయ్య ప్రాణం లేచొచ్చింది. నాలుగడుగులు వేశాడో లేదో వెనక్కి తిరిగాడు. "కానీ పెద్దమ్మా, మా ఆవిడ పుట్టింటివాళ్ళందరూ పచ్చటి ఒళ్ళు అంటుంది. వాళ్ళేం ఆకుల్లా ఉండరే! మరి అది..."

"నువ్వెళ్ళు బాబూ, నీ బండి దగ్గరకెళ్ళు."

ఆదివారం చిన్నది ఫోను చేసింది. వెనక మిషన్ల రొద. ఆదివారం కూడా పనేమిటే అంటే, పిల్లలు తామే అడిగి కుడుతున్నారంది. నేరుగా అడిగేస్తే అయిపోయేది. అక్కయ్యకు నోరు రాలేదు. అడిగాక 'అమ్మ శాలువాయేగా, ఇంకేమనుకున్నావు' అంటే ఆ మాటను ఎక్కడ దాచుకోవాలి? చుట్టు తిరిగి వచ్చింది.

"అమ్మ శాలువా గుర్తుందా నీకు?"

"ఎందుకుండదు? అంచు నేనేగా కుట్టింది. ఏం, ఎలుకలు కొట్టాయా?"

"లేదులే. నా స్వెట్టరు గుర్తుందా?"

"ఏ స్వెట్టరు?"

అక్కయ్య ఫోనును ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకుంది.

"హలో! ఏ స్వెట్టరక్కా? వినపడుతోందా?"

"ఏం లేదు. చలిగా ఉందా అక్కడ అని అడిగాను."

మర్నాడు పొద్దున్నే స్టూడియోకెళ్ళి, పసుపుపచ్చే ఖాయం చెయ్యమని చెప్పింది. చెప్పిందే కానీ కాలు కదలలేదు, ఆ తిరుగుడు స్టూలు మీదే కూర్చుండిపోయింది. స్టూడియో ఆవిడ కామెర్లు తగ్గిస్తూ ఓరగా చూసింది.

"ఏం పెద్దమ్మా, బాగాలేదా?"

"బాగుంది. అమ్మ బాగుంది."

ఆ వారమే చిన్నది మళ్ళీ ఫోను చేసింది. పిల్లలు ఇంకా చేరుతున్నారని అప్పుడే ఇంకో మూడు నెలలు ఉండమంటున్నారట, ఒప్పుకుందట. అక్కయ్య గోడకు చేరగిలబడింది. చిన్నది ఇంటి సంగతులన్నీ అడిగి, పెట్టేసే ముందు అంది: "అన్నట్టు, నీ ఆకుపచ్చ స్వెట్టరు బీరువాలో అడుగున పడేశావేమో. తీసి ఎండలో వెయ్యి, పురుగు పడుతుంది. నీకు నప్పిందే అదొక్కటి."

అక్కయ్యకు తల తిరిగింది. మొన్న ఏ స్వెట్టరు అంది, ఇవాళ నప్పిందే అదొక్కటి అంటుంది. బీరువా తీసింది, స్వెట్టరు కుర్చీ మీద వేసింది, దాని ఎదురుగా కూర్చుని దాన్నే అడిగినట్టు చూసింది. నిజంగా రొదలో వినపడక ఏ స్వెట్టరు అందా? లేక తను చుట్టు తిరిగి అడగడం కనిపెట్టేసి, ఇప్పుడు జాలిపడి అందా? జాలిపడి అన్నదాన్ని లెక్కలోకి తీసుకోవచ్చా? ఎటు తిప్పి చూసినా అతుకు పడని గుడ్డముక్కలా ఉంది వ్యవహారం.

మళ్ళీ స్టూడియో. ఈసారి స్టూడియో ఆవిడ కంప్యూటరు ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని కూర్చుంది.

"పెద్దమ్మా, ఒకసారి ఆకు అంటారు, ఒకసారి పసుపు అంటారు. నాకేమో కలలో కూడా మీ బకెట్టే కనిపిస్తోంది. ఫోను చేసి అడిగేయండి. ఇక్కడే, నా ముందే."

"పనిలో ఉంటుందమ్మా."

"ఉంటే ఉంటుంది. నంబరు చెప్పండి."

తనే నొక్కి, ఫోను అక్కయ్య చెవికానించింది. అవతల చిన్నది కంగారుగా ఎత్తింది.

"ఏమైందక్కా? పడ్డావా?"

"పడలేదే. ఆ ఫోటో... పచ్చ ఒక్కటీ ఉంచమన్నావు కదా. ఏ పచ్చే? అమ్మదా, నాదా?"

అవతల మిషన్లు ఆగకుండా తిరుగుతున్నాయి. చిన్నది నవ్వింది. ఆ నవ్వు ఎలాంటిదో ఆ రొదలో తెలియలేదు.

"అలా అన్నానా?"

"అన్నావే! జిప్పు లాగుతూ అన్నావు."

"ఆ జిప్పుతో చస్తూ ఏమన్నానో నాకేం గుర్తుంటుందే అక్కా! ఇంకా చేయించలేదా ఏంటి నువ్వు?"

"ఎలా చేయించను?"

"నీకేది కావాలో అది ఉంచుకో. ఫోటో గోడమీద రోజూ చూసేది నువ్వేగా."

"నువ్వొస్తావుగా. నువ్వూ చూస్తావుగా."

"వస్తాలే. ఇక్కడ గంట కొట్టారు, ఉంటా మరి."

ఫోను ఆగిపోయింది. స్టూడియో ఆవిడ ఆశగా చూస్తోంది. అక్కయ్యకు ముందుకన్నా అయోమయంగా ఉంది. ఇన్నాళ్ళూ చిన్నదాని మనసులో ఏముందో తేల్చుకుంటే చాలనుకుంది. తీరా చూస్తే అక్కడ ఏమీ లేదో, ఉండి మరిచిపోయిందో, గుర్తుండీ చెప్పలేదో, అదీ తెలియలేదు. ఇప్పుడేమో తన మనసు అడుగుతున్నారు. ఆ మాట తనను ఇదివరకు ఎవరూ అడగలేదు. గుండీలు ఏవి వెయ్యాలో కూడా ఎప్పుడూ చిన్నదే చెప్పేది.

తెర మీద తల్లి తనవైపే చూస్తున్నట్టుంది. అక్కయ్య ఆ చూపు తప్పించుకుని, దువ్వెన కట్టిన దారం వైపు చూస్తూ, తగ్గు గొంతుతో అంది:

"ఆకుపచ్చ ఉంచమ్మా."

"ఖాయమేనా?"

"ఖాయమే. మళ్ళీ అడక్కు, మారిపోతాను."

ఆవిడ గబగబా నొక్కేసింది. ముగ్గురు ఆడవాళ్ళలో కుర్చీ వెనకున్న మనిషి ఒక్కతే రంగుతో నిలబడింది. అక్కయ్యకు చెంపలు వేడెక్కాయి, ఎవరిదో వస్తువు చెప్పకుండా తీసుకున్నట్టు.

"బకెట్టు చెరిపేస్తాను పెద్దమ్మా."

"వద్దులే, ఉండనీ. ఒక్కదాన్నే అయితే భయం."

స్టూడియో ఆవిడ పకపకా నవ్వింది. అక్కయ్య నవ్వలేదు. తను హాస్యమాడలేదు.

ఫోటో పెద్దది చేసి, చట్రం కట్టించి, డ్రైవరు చేత మేకు కొట్టించి ముందుగదిలో పెట్టించింది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు చూసి, కుర్చీలో పెద్దావిడ ఎంత బాగా పడిందీ అన్నారు. ఒకరిద్దరు బకెట్టు సంగతి అడిగారు. ప్రతిసారీ అక్కయ్య ఏదో చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, కొలతల టేపు తీసుకుంది. తను ఉంచుకున్నది సరైనదో కాదో, చిన్నది వచ్చి చూసి ముఖం ఎలా పెడుతుందో అని ప్రతి ఆదివారం ఫోనులో గొంతు వింటూ మల్లగుల్లాలు పడింది. ఫోటో ఎలా వచ్చిందని చిన్నది అడిగితే, నువ్వే వచ్చి చూడు అంది.

చిన్నది తిరిగి రాలేదు. ఫిబ్రవరి నెలలో, ఒక బుధవారం మధ్యాహ్నం, పిల్లలకు కాలరు కత్తిరించడం చూపిస్తూ, ఆ ఊళ్ళోనే పోయింది.