నేల కొడితే

బెల్లంపల్లిలో కబడ్డీ ఆడేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. దొరికిపోయిన ఆటగాడు అరచేత్తో నేలను రెండుసార్లు కొట్టాడంటే ఓడిపోయానని ఒప్పుకున్నట్టు. అవుట్ అయినట్టే లెక్క. పట్టుకున్నవాడు ఆ క్షణమే వదిలేయాలి. రిఫరీ ఈల వేసేదాకా చూడడాలు, ఇంకాస్త మెలితిప్పి కసి తీర్చుకోవడాలు కుదరవు. పూర్వం ఇక్కడ ఆడినవాళ్ళంతా బొగ్గుబావుల్లో దిగేవాళ్ళే. ఆటలో కాలు విరిగితే మర్నాడు షిఫ్టు పోతుంది, షిఫ్టు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని ఎంత పగవాడైనా సరే, నేల కొడితే వదలాల్సిందే. బావులు ఒక్కొక్కటే మూతపడ్డాయి గానీ కట్టుబాటు మాత్రం అలాగే ఉండిపోయింది.

సాల్మన్‌కు ఆటా, ఈ కట్టుబాటూ రెండూ నేర్పింది అమీర్. అతనికి బజారులో పంక్చర్ల దుకాణం. కూతకు వెళ్ళాడంటే అవతలి జట్టులో ఎవరో ఒకరి మూతి పగలాల్సిందే. మడమను ఒడిసి పట్టడం, దొరికినవాడి మోకాలికి భుజం ఆనించి కూలదోయడం, అన్నీ సాల్మన్ అతని దగ్గరే దెబ్బలు తింటూ నేర్చుకున్నాడు. సాల్మన్ ముందుపన్ను ఊడింది కూడా అమీర్ తన్నుకే. ఆ రోజు సాల్మన్ తల్లి మగ్దలేనమ్మ దుకాణం ముందు నిలబడి నానా తిట్లూ తిట్టింది. అమీర్ భార్య రబియా ఆమెను కూర్చోబెట్టి చాయ్ పోసింది. అప్పటి నుంచి రెండిళ్ళూ ఒకటైపోయాయి.

తర్వాత సాల్మన్ పెద్ద కబడ్డీ లీగుకు ఎంపికయ్యాడు. ఊరు ఊరంతా టీవీల ముందు చేరింది. తీరా మొదటి సీజన్‌లోనే పరువు గంగలో కలిసింది. ఆఖరి నిమిషంలో అవతలి రైడర్ మడమ చేతికి దొరికింది. వాడు పడుతూ పడుతూ మ్యాట్‌ను రెండుసార్లు చరిచాడు. సాల్మన్ వేళ్ళు వాటంతటవే విడిపోయాయి. వాడు పాకుతూ పోయి గీతను ముట్టుకున్నాడు. మ్యాచ్ పోయింది. గదిలోకి రాగానే కోచ్ ఓంప్రకాశ్ చెంప పగలగొట్టాడు.

"ఎందుకు వదిలావు?" అని హిందీలో అడిగాడు.

"నేల కొట్టిండు సార్."

ఆ హర్యానా మనిషికి ముందు సంగతి అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండో చెంప కూడా పగలగొట్టాడు. మర్నాటి నుంచి అదే శిక్షణ. సాల్మన్ ఒకడి కాలు పట్టుకోవాలి, వాడు మ్యాట్ చరుస్తూ ఉండాలి, పట్టు సడలితే సాల్మన్ వీపు మీద కర్ర విరగాలి. అలా నెలల తరబడి సాగింది. చివరికి ఆ చప్పుడు చెవికి వినిపించినా వేళ్ళు పట్టించుకోవడం మానేశాయి. అతని పట్టుకు ఒకడి చీలమండ నలిగింది, ఇంకొకడి భుజం జారింది. జనం ముద్దుగా ఉడుము అని పేరు పెట్టారు. ఆ పేరు విని మురిసిపోయాడే తప్ప, ఆ నలిగిన కాళ్ళ వాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారని ఒక్కనాడూ అడగలేదు మహానుభావుడు.

లీగులో ముప్పై ఏళ్ళకే మనిషి ముసలివాడు. భుజం దెబ్బతినగానే జట్టు వదిలించుకుంది. ఇంటికొచ్చి ఖాళీగా కూర్చున్న సాల్మన్‌కు ఒకనాడు ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు. అతనిప్పుడు వేరే జట్టు కోచ్. "మీ ఊరి పోటీలు చూడటానికి వస్తున్నాను. నీలో పట్టు ఇంకా ఉంటే ఒక సీజన్ ఇస్తాను. లేకపోతే ఇక నన్ను అడగకు," అన్నాడు. ఆట తప్ప సాల్మన్‌కు మరో పని రాదు. ఆ ఒక్క సీజన్ కోసం ఏమైనా చేసేటట్టున్నాడు.

ఫైనల్లో చర్చి బస్తీకి సాల్మన్, బజారు జట్టుకు అమీర్. గురువుకు నలభై దాటినా కాలు ఇంకా కత్తిలాగే ఉంది. మొదటి కూతలోనే మడమతో తన్ని సాల్మన్ పెదవి చీల్చాడు. రెండోసారి మోచేత్తో ముక్కు మీద పొడిచాడు. నెత్తుటి నోటితో సాల్మన్ లేచేసరికి అమీర్ గీత దాటేసి నవ్వుతున్నాడు. "ఏమైంది రా ఉడుము, గోర్లు తీసుకున్నవా?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. కుర్చీలో కూర్చున్న ఓంప్రకాశ్ లేచి చొక్కా దులుపుకుని కారువైపు నడిచాడు. అది చూసిన సాల్మన్‌కు ఒళ్ళు మండిపోయింది.

అమీర్ మళ్ళీ కూతకు వచ్చాడు. సాల్మన్ నేలకు జారి మడమ పట్టాడు. అమీర్ రెండో కాలితో ముఖం మీద తన్నాడు. సాల్మన్ వదల్లేదు. ఇద్దరూ బొగ్గుపొడి కలిసిన మట్టిలో దొర్లారు. అమీర్ చెయ్యి నేల మీద రెండుసార్లు పడింది.

పాయింటు అప్పటికే వచ్చేసింది. వదిలినా వచ్చేదే. కానీ కారు తలుపు పట్టుకుని ఓంప్రకాశ్ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. నేల మళ్ళీ మోగింది, మళ్ళీ మళ్ళీ మోగింది. అమీర్ నేర్పిన పట్టుతోనే, అమీర్ మోకాలికే భుజం ఆనించి సాల్మన్ బలమంతా వేశాడు. ఎండు కట్టె విరిగినట్టు వినిపించింది. ఆ తర్వాత అమీర్ కేక వినిపించింది.

ఓంప్రకాశ్ వచ్చి సాల్మన్ వీపు తట్టాడు. "ఆదివారం సాయంత్రం బస్సెక్కు," అన్నాడు.

ఊరు మంచిది. జనం గోలలో పాపం సాల్మన్‌కు వినపడి ఉండదని తనకు తానే సర్దిచెప్పుకుంది. మగ్దలేనమ్మ కూడా గడపగడపకూ అదే చెప్పింది. సాల్మన్ కాదనలేదు.

ఆదివారం మధ్యాహ్నం సంచీ భుజాన వేసుకుని మంచిర్యాల ఆసుపత్రికి వెళ్ళాడు. అమీర్ మోకాలిలో రాడ్లు వేశారు. ఇక కూతకు పోవడం కాదుగదా, సరిగ్గా నడవడమే అనుమానం అన్నారట. రబియా కూర్చోమనలేదు.

"జనం లొల్లిల నీకు ఇనవడలే గదరా," అన్నాడు అమీర్. "అందరు గదే అంటున్నరు."

తల ఊపితే సరిపోయేది. సాల్మన్ ఊపలేకపోయాడు. "ఇనవడ్డది భాయ్. అన్ని దెబ్బలు ఇనవడ్డయి."

రబియా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇటు రా," అన్నాడు అమీర్.

దగ్గరికి వెళ్ళగానే సాల్మన్ కుడిచేతి వేళ్ళు రెండు పట్టుకుని వెనక్కి విరిచాడు. లారీ టైర్లను రిమ్ముల నుంచి ఊడబెరికే చెయ్యి అది. కణుపులు పటపటమన్నాయి. ఆ వేళ్ళు పోతే పట్టు లేదు, పట్టు లేకపోతే సాయంత్రం బస్సు లేదు. సాల్మన్ చెయ్యి లాక్కోలేదు. విరగనీ అనుకున్నాడు, నోరు మెదపకుండా భరించాలనుకున్నాడు. ఆపమని రబియా అనలేదు. అమీర్ కళ్ళు ఎర్రబడ్డాయి. ఇంకో రవ్వంత వంచితే ఎముక విరుగుతుంది.

అప్పుడు సాల్మన్ ఎడమ చెయ్యి, అతన్ని అడగకుండానే, మంచం ఇనుపపట్టె మీద రెండుసార్లు కొట్టింది.

అమీర్ వెంటనే వదిలేశాడు.

"పో ఇగ," అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

సాల్మన్ వేళ్ళు ముడిచి చూసుకున్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అక్కడే, ఆ మంచం పక్కన నేల మీద కూలబడి, పన్ను ఊడిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చాడు.