గుర్రం వెనక కాళ్లు

నాకు ముక్కు మీద కోపం అని మా ఇంట్లో అందరూ అంటారు. మా చెల్లెలితో ఒక్క వారం ఉండి చూడమనండి, ఆ కోపం ముక్కు మీద ఎందుకు కాపురం పెట్టిందో వాళ్లకే తెలుస్తుంది.

నేను టైలర్ని. మా కొట్టు మున్సిపల్ ఆఫీసుకి ఎదురుగా, గుర్రబ్బళ్ల స్టాండు పక్కన. ఆ స్టాండుకి పెద్దదిక్కు బండి బాబాయ్. ఆయన గుర్రం పేరు మహారాణి. పేరుకే మహారాణి, మిట్టమధ్యాహ్నం కాలిపోయే రోడ్డు మీద, ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లని పెద్ద తోట చుట్టూ తిప్పాలి. ముసలిదైపోయింది. ఈమధ్య మధ్యాహ్నం పూట దాని కాళ్లు వణకడం నేను మెషిన్ దగ్గర కూర్చునే చూస్తున్నాను. చూసినప్పుడల్లా నా కుట్టు వంకర పోతోంది.

మధ్యాహ్నాలు బళ్లు ఆపించాలా వద్దా అన్న సంగతి ఆరోజు కౌన్సిల్ మీటింగులో తేలాలి. బండివాళ్లెవరూ బాబాయ్ మాట జవదాటరు. ఆయన లోపలికెళ్లి ఆపమంటే ఆపినట్టే, వద్దంటే మహారాణి ఇంకో వేసవి చూడదు. వేసవి పొడుగునా ఆయన్ని బతిమాలాను, బుజ్జగించాను, ఆయన మోకాళ్ల నొప్పుల కథ మొదటిసారి వింటున్నట్టు ప్రతిసారీ విన్నాను. చివరికి ముందురోజు సాయంత్రం, "సరేలేమ్మా, వెళ్లి చెప్తాలే," అన్నాడు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

తెల్లారాక ఆ సంబరం మీద మా చెల్లెలు నీళ్లు పోసింది.

దానిదొక జంతు హక్కుల సంఘం. సంఘమంటే అదీ, ఒక డ్రాయింగు మాస్టారూను. ఆ మాస్టారి స్కూల్లో నాటకానికని చెప్పి నాచేత గుర్రం వేషం కుట్టించింది. ముందొకరు, వెనకొకరు దూరే వేషం. నేను పాపం పిల్లలు మురిసిపోతారని తోకకి కుచ్చులు కూడా పెట్టాను. వీపు దగ్గర గుడ్డ చాల్లేదు. మాసిక వేయమని బాబాయ్ ఇచ్చిన మహారాణి పాత దుప్పటి ఎదురుగా కనిపించింది. గుర్రం వీపుకి కత్తిరించిన గుడ్డ మళ్లీ కత్తిరించే పనే లేదు. నాటకం అయ్యాక విప్పి ఇచ్చేద్దాంలే అని కలిపి కుట్టేశాను.

నాటకం లేదు, గీటకం లేదు. ఆ వేషం వేసుకుని మీటింగు టైముకి ఆఫీసు మెట్ల మీద గుర్రంలా కుప్పకూలుతుందట.

"బాబాయ్ ఒప్పుకున్నాడే," అన్నాను. "ఆయనే వెళ్లి చెప్తానన్నాడు. ఇప్పుడు నువ్వు పుల్ల పెట్టకు."

"మెల్లగా చెప్తే ఎవరు వింటారక్కా? గొడవ చేస్తేనే తలెత్తి చూస్తారు."

"చూస్తారు, నవ్వుతారు, ఇళ్లకి పోతారు."

"ముందు చూడనీ. అన్నట్టు వెనక కాళ్లకి మాస్టారు రావాలి. నడుం పట్టేసిందట. నువ్వొస్తావా?"

ఎందుకు ఒప్పుకున్నానంటే, వెనక కాళ్లు నావైతే అవి బాబాయ్ స్టాండు వైపు పోకుండా చూసుకోవచ్చని. గుర్రం ఎటు పోవాలో ముందు కాళ్లే చెప్తాయన్న సంగతి దూరాక గానీ తట్టలేదు.

లోపల చీకటి, ఉక్క, మా చెల్లెలి నడుం తప్ప మరేమీ కనపడదు. నేను దూరాక మాస్టారు గుర్రం మెడకి ఏదో అట్ట తగిలించాడు. దాని మీద ఆయన ఏం రాశాడో చెల్లెలు చెప్పలేదు. నేను ఇటు లాగితే అది అటు లాగుతుంది. రోడ్డు మీద జనం పకపకా నవ్వుతున్నారు. తల ప్రాణం తోకకి రావడం అంటారే, నాకు ఆరోజు రెండూ ఒక్కచోటే ఉన్నాయి.

ఇంతలో వెనక నుంచి వీపు మీద వెచ్చటి ఊపిరి తగిలింది.

"మాస్టారూ, కాస్త దూరంగా నిలబడండి," అన్నాను.

ఊపిరి ఇంకా దగ్గరికొచ్చింది.

"మాస్టారూ, మర్యాదగా ఉండదు చెప్తున్నాను."

"నేనిక్కడ ముందున్నానండీ," అన్నాడు మాస్టారు ముందు నుంచి.

మహారాణి. తన దుప్పటి వాసన పట్టేసింది. స్టాండులో కట్టిన తాడు తెంపుకుని, ఖాళీ బండి లాక్కుంటూ మా వెంట వచ్చేసింది. వచ్చి, నా దుప్పటి నాకిమ్మన్నట్టు పళ్లతో పట్టుకుని గుంజింది. నా కుట్టు అంత తేలిగ్గా ఊడదు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అందుకని దుప్పటి బదులు మేమిద్దరం వెళ్లాం. అది వెనక్కి, చెల్లెలు ముందుకి, మధ్యలో నేను. రోడ్డు మధ్యన గిరగిరా తిరిగాం. ఆఫీసు కిటికీలన్నీ కౌన్సిలర్ల తలకాయలతో నిండిపోయాయట. చివరికి నడుం దగ్గర కుట్టు ఊడి గుర్రం రెండు ముక్కలైంది. ముందు సగం ఆ ఊపుకి మెట్లెక్కేసింది. వెనక సగం రోడ్డు మీద చతికిలబడింది. నాక్కూడా నవ్వొచ్చింది, కళ్లు తిరుగుతున్నా నవ్వాగలేదు. మహారాణి వచ్చి నా భుజం మీద తల పెట్టింది.

అప్పుడు బాబాయ్ వచ్చాడు. కింద పడ్డ అట్ట తీసి గట్టిగా చదివాడు. "నేను రోజూ చస్తున్నాను. నా బండివాడు నవ్వుతున్నాడు."

నా నవ్వు ఆగిపోయింది.

"ఇది నా దుప్పటి," అన్నాడు.

"అవును బాబాయ్."

"నా దుప్పటే కప్పుకుని నన్ను హంతకుణ్ణంటారా?"

"నేను చూళ్లేదు బాబాయ్. నేను వెనక కాళ్లని."

ఆయన నవ్వలేదు. గుర్రానికి చూసే అలవాటే, చెయ్యి నా చెవి వెనక పెట్టి చూశాడు. "ఒళ్లు పెనంలా ఉంది," అని మహారాణి బకెట్టు తెచ్చి నా నెత్తిన కుమ్మరించాడు. ఆ అట్ట చంకలో పెట్టుకుని ఆఫీసులోకి వెళ్లిపోయాడు.

అయిపోయింది అనుకున్నాను. వేసవంతా కట్టుకుంటూ వచ్చింది ఒక్క అట్టముక్కతో కూలిపోయింది. చెల్లెలు గుర్రం తల చేత్తో పట్టుకుని మెట్ల మీద నిలబడిపోయింది.

కిటికీలోంచి బాబాయ్ గొంతు వినపడింది.

"ఈ అక్కాచెల్లెళ్ల మీద ఫిర్యాదు చెయ్యడానికి వచ్చానండి. నా పరువు బజారున పెట్టారు. చేసింది చూశారుగా, ఒక్క చుట్టు తిరిగి కూలబడింది ఆ పిల్ల. నీళ్లు పోసి లేపాల్సొచ్చింది. నా మహారాణి అదే దుప్పటి కింద, అదే ఎండలో, బండి లాగుతూ రోజంతా తిరుగుతుంది. అదెప్పుడన్నా కూలబడిందా?"

ఆగాడు.

"కూలబడుతుందండీ ఒకరోజు," అన్నాడు. "నాకు తెలుసు. నేనొక్కణ్ణే ఆపితే నా బేరం పక్కవాడి బండెక్కుతుంది, అందుకే ఆపలేదు. అందరికీ కలిపి ఆపించండి. ఆపించాక వీళ్లిద్దరి మీదా కేసు పెట్టండి."

రూలు వచ్చింది. కేసు మాట ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పేపర్లో, రోడ్డు మీద చతికిలబడ్డ నా ఫోటో పెద్దది వేశారు. పైన 'రెండు ముక్కలైన గుర్రం' అని. రూలు సంగతి అడుగున ఒక్క వాక్యం.

"చూశావా, పేపర్లో పడ్డాం," అంది చెల్లెలు.

"పడింది నేను. నువ్వు మెట్లెక్కావు."

అది ఊరుకుంటుందా, స్టాండుకి వెళ్లి బాబాయ్‌నే అడిగింది. "మేం ఆ గొడవ చెయ్యకపోతే రూలు వచ్చేదా బాబాయ్?"

"నేను మెల్లగా చెప్పేవాణ్ణి. వాళ్లు చూద్దాం అనేవాళ్లు," అన్నాడాయన.

"అంటే మేం చేసింది మంచికేగా?"

ఆయన స్టాండు స్తంభానికి కట్టిన అట్ట కేసి చూశాడు. 'మధ్యాహ్నం బళ్లు లేవు' అని నల్ల రంగుతో రాసుకున్నాడు. నీడలో మహారాణి నిలబడి కునికిపాట్లు పడుతోంది. అంతలో గాలి వీచి అట్ట అటు తిరిగింది. వెనకవైపు మాస్టారు రాసిన ఎర్రక్షరాలు అలాగే ఉన్నాయి. నా బండివాడు నవ్వుతున్నాడు. బాబాయ్ మోకాళ్లు పట్టుకుని లేచి, దాన్ని ఇటు తిప్పి వచ్చి కూర్చున్నాడు. మళ్లీ గాలి వీచింది. మళ్లీ లేచాడు.

మా చెల్లెలు నోరు మూసుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడ్డం. గబగబా నా కొట్లోకి వచ్చి, "గట్టి దారం ఇవ్వవే అక్కా," అంది. కళ్లు తుడుచుకుంటూ వెళ్లి, ఎర్రక్షరాలు స్తంభం వైపు తిప్పి, నాలుగు మూలలా చుట్టి చుట్టి కట్టింది.

బాబాయ్ కూర్చున్నచోటు నుంచే చూశాడు.

"ఇంకో ముడి వెయ్యి," అన్నాడు. "మీ అక్క కుట్టులా ఊడిపోగలదు."