సార్జెంట్ మేజర్ మౌనవ్రతం

మా పటాలానికో ఆనవాయితీ ఉంది. నూరేళ్ల కిందట స్పెయిన్ కొండల్లో మా అధికారులంతా నేలకూలితే, ఒక ముసలి సిపాయి మిగిలినవాళ్లను నడిపించి గెలిపించాడట. అందుకని ఏటా జూన్‌లో ఆ యుద్ధం జరిగిన రోజున, సూర్యాస్తమయం దాకా అందరికన్నా పాత సిపాయిదే పెత్తనం. కల్నల్ గారు తుపాకీ పట్టుకుని వెనక వరసలో నిలబడతారు.

ఆ ఏడు వంతు సెప్టిమస్ గజ్‌కు వచ్చింది. పంతొమ్మిదేళ్ల కొలువులో ఒక్క మెట్టూ ఎక్కనివాడు. ఆ పంతొమ్మిదేళ్లూ అతన్ని అరిచి అరిచి చంపినవాడు సార్జెంట్ మేజర్ క్రాబ్‌ట్రీ.

పొద్దున్నే గజ్, చెవులదాకా దిగిన కల్నల్ టోపీతో మైదానంలోకి వచ్చాడు.

“మొదటి ఆజ్ఞ! క్రాబ్‌ట్రీ గారు పొద్దుగూకేదాకా నోరు విప్పకూడదు. దగ్గినా ఊరుకోను!”

వరసల్లో కిసుకిసలు. క్రాబ్‌ట్రీ మొహం కందగడ్డలా అయింది. మాట్లాడకుండా సెల్యూట్ కొట్టాడు.

తర్వాత గజ్ “ముందుకు నడు!” అన్నాడు. బ్యాండు మోగింది. ఆరువందల మందిమి కదిలాం. మైదానం చివర నది. గజ్ పక్కనే నడుస్తున్న నావైపు తిరిగాడు.

“ఒరే టాబీ, ‘ఆగు’ అని ఏ కాలి మీద అనాలిరా?”

“నన్నడుగుతావేం? పంతొమ్మిదేళ్లుగా వింటున్నావుగా!”

“విన్నాను గానీ, ఎప్పుడైనా ఆలకించానా?”

తప్పు కాలు నేల తాకేటప్పుడు ‘ఆగు’ అంటే వరసలన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయని అతని భయం. అతను తేల్చుకునేలోపే డప్పులవాళ్లు నీళ్లలో దిగారు.

“అయ్యా, క్రాబ్‌ట్రీ గారూ! ఆజ్ఞ రద్దు! మీరే చెప్పండి బాబూ!”

క్రాబ్‌ట్రీ మోకాలి లోతు నీళ్లలో నడుస్తూనే జేబులోంచి చిన్న పుస్తకం తీసి, రాసి చూపించాడు: ‘యుద్ధం రోజున ఇచ్చిన మొదటి ఆజ్ఞ రద్దు కాదు. నిబంధన.’

“చచ్చాంరా!” అన్నాడు గజ్. వెనక వరసలో కల్నల్ గారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

నది దాటాం. గట్టెక్కాం. అవతల సారాయి అంగడి గోడ అడ్డం వచ్చేదాకా మమ్మల్ని ఆపినవాడు లేడు. అక్కడ ఆగాక మాత్రం ఎవరికీ కదలబుద్ధి కాలేదు. బూట్లు ఎండబెట్టుకుంటూ, రొట్టే జున్నూ తింటూ, బీరు తాగుతూ సాయంత్రం చేశాం. గజ్ ఒక్కడే గ్లాసు ముట్టకుండా, రేపటిని తలచుకుంటూ మూల కూర్చున్నాడు.

పొద్దుగూకింది. క్రాబ్‌ట్రీ లేచి అతని దగ్గరికి వెళ్లాడు. మేమంతా చెవులు మూసుకోబోయాం.

“ఎడమ కాలి మీద, గజ్,” అన్నాడాయన మెల్లగా. “తాగు. వాడిపోయిన మొహమూ నువ్వూనూ.”

కల్నల్ గారు గ్లాసు పట్టుకుని ఆ పక్కకి వచ్చారు.

“క్రాబ్‌ట్రీ, ఆ నిబంధన ఏ పుస్తకంలో ఉందయ్యా? నేనెక్కడా చదవలేదే!”

“రేపు రాస్తాను సార్!”