చాప అంచున జపాను అక్షరం

రెంటచింతలలో ఏటా క్రైస్తవుల గుడి పండగకి జమ్ము చాపలల్లే ప్రతి ఇంటినుంచీ ఒక చాప వెళ్లాలి. వాటిలో మేలైనదాన్ని బలిపీఠం ముందు పరుస్తారు. మూడేళ్లుగా అక్కడ పరిచింది ఆరోగ్యమ్మ చాపే. అది నాదేనని ఊరంతా చాటుకున్నది మాత్రం పక్కింటి బుల్లెమ్మ. అన్నీ ఒకే కుప్పలో పడేవి గనక ఎవరిదేదో తేల్చేవాడు లేడు.

ఈసారి అంచున తన పేరు అల్లి తీరాలని ఆరోగ్యమ్మ పంతం పట్టింది. రెండో తరగతితోనే బడి మాన్పించినా పేరులో మొదటి అక్షరం గుర్తుంది. ఎర్రరంగు జమ్ముతో అల్లితే అది పగిలిన కుండలా తేలింది. చాపకి అడ్డం, నిలువు తప్ప ఒంపు తెలియదు. మన అక్షరాలకేమో ఒళ్లంతా ఒంపులే.

"ఏందే అది, తేలా?" అన్నాడు మొగుడు యేసుపాదం. యుద్ధంలో మలయాలో జపానువాళ్లకి చిక్కి, వాళ్ల వంటపాకలో మూడేళ్లు కట్టెలు కొట్టి, ఈమధ్యే ఇల్లు చేరినవాడు.

"నవ్వమాకయ్యా. అన్నేళ్లు జపానోళ్ల దగ్గరుండి నువ్వేం నేర్చుకున్నావో చెప్పు."

"ఒక్కటంటే ఒక్క అక్షరం." పుల్లతో నేలమీద గీశాడు. "అక్కడి చెరువులో జమ్ము కోసేటప్పుడు వాళ్ల వంటోడు నేర్పాడు. ఇదంటే వాళ్ల భాషలో జమ్మేనే. పైన గడ్డి. ఎడంపక్క నీళ్లకి మూడు చుక్కలు. మిగతాదంతా కిటికీ ఊచల్లాగా అడ్డాలూ నిలువులూ."

ఒంపులేని అక్షరం! ఆరోగ్యమ్మ పొయ్యిలో బూడిద పరిచి మూడు రోజులు దిద్దింది. దిద్దినప్పుడల్లా ఒక చుక్క మరిచేది.

"నీళ్లు చాలకుండా జమ్ము యాడ మొలుస్తదే?"

"మన ఊరి ఎండకి రెండు చుక్కలు మిగిలితే చానా ఎక్కువ!"

చివరికి పేరుకి బదులు ఆ అక్షరాన్నే ఎర్రజమ్ముతో అంచున అల్లింది. పండగనాడు ఫాదరు గారు ఆ చాపనే ఎంచి, అంచు దగ్గర వంగి చూశారు.

"అది నాదేనండీ. ఏదో పువ్వు వేశాన్లే," అంది బుల్లెమ్మ.

"అయితే ఈ ఇసకలో వెయ్యమ్మా."

బుల్లెమ్మ గీసింది కోడి కెలికినట్టుంది. ఆరోగ్యమ్మ చాపవంక చూడకుండా, మూడు చుక్కలతో సహా దించేసింది. బడిపంతులు ధనుంజయరావు దాన్ని చాపతో పోల్చి, గీతకి గీత సరిపోయిందన్నాడు.

"ఈ చాప ఆరోగ్యమ్మది," అన్నారు ఫాదరు గారు, అందరికీ వినపడేలా. ఆ తర్వాత పాడిన పాటలేవీ ఆమె చెవికెక్కలేదు.

మర్నాడు పొద్దున్నే బుల్లెమ్మ గుమ్మంలో నిలబడింది. "ఏమే ఆరోగ్యం, మీ ఆయన్నడిగి నాకూ ఒక అక్షరం చెప్పించవే. నీ జమ్మొద్దులే, ఇంకేదన్నా."

యేసుపాదం తల గోక్కున్నాడు. "నాకొచ్చింది అదొక్కటేనక్కా! ఇంకోటి కావాలంటే మళ్లా యుద్ధం రావాల."