మాస్టారు పిలిచిన పేర్లు

పొద్దున ఆరున్నరకల్లా కొండ కింద షెడ్డు దగ్గర నడకకి వచ్చిన టూరిస్టులందరూ బూట్ల లేసులు బిగించుకుంటారు. ముందు మొక్కల మాస్టారు నడుస్తాడు, మధ్యలో చరిత్ర మేడం, అట్టచివర తోకమ్మ. ఎవరూ వెనకబడకుండా చూడడమే తోకమ్మ పని. ఫొటోల కోసం ఆగేవాళ్ళని, కాలు పట్టేసినవాళ్ళని, పొదల చాటుకి వెళ్ళినవాళ్ళని పోగుచేసుకుంటూ, మలుపు మలుపుకీ తలలు లెక్కపెట్టుకుంటూ వస్తుంది. పదకొండేళ్ళుగా ఆమె చూసిన కొండలో సగం జనాల వీపులే.

ఆ సోమవారం కొత్త మేనేజరు కూడా నడవడానికి వచ్చింది. బూట్లు కొత్తవి, అప్పుడే కుంటుతోంది. తోకమ్మని పక్కకి పిలిచింది.

"ఏమనుకోవద్దండీ. వచ్చే వారం నుంచి అందరి చేతికీ బిళ్ళలు కడుతున్నాం. ఎవరెక్కడున్నారో ఫోనే చెప్పేస్తుంది. ఇక నిపుణులని మాత్రమే ఉంచమన్నారు పైవాళ్ళు."

"సరేనండీ," అంది తోకమ్మ. ఇంకేమంటుంది? ఇంట్లో జీతం తెచ్చేది తనొక్కతే. మొగుడు నడుం విరిగి మంచాన పడ్డాడు, కూతురింకా చదువుకుంటోంది. వెనక నడవడం తప్ప మరో పని రాని మనిషిని నలభై ఆరేళ్ళ వయసులో ఎవరు పెట్టుకుంటారు? 

నడక మొదలైంది. మాస్టారికి డెబ్బై దాటాయి, ఈమధ్య పేర్లు తారుమారు చేస్తున్నాడు. అయితే ఆ కొండకి ఆయనంటే మహా మొహమాటం. ఆయన దేన్ని ఏ పేరుతో పిలిస్తే అది అదే అయి కూర్చుంటుంది. ఆ రోజు కూడా పసుప్పచ్చ పూల ముళ్ళపొదని చూపించి "ఇది అడవిమల్లె" అన్నాడు. తోకమ్మ అక్కడికి చేరేసరికి ముళ్ళన్నీ రాలిపోయి, పొద తెల్లగా విరబూసి ఘుమఘుమలాడుతోంది. కావాలని అనిపిస్తే మాత్రం కుదరదు. పోయినేడు షెడ్డులో వండిపెట్టే వంటాయన బతిమాలి ఒక బండని పుట్టగొడుగు అనిపించాడు, బండ బండలాగే ఉంది. మాస్టారు మనసారా పొరబడాలి. చరిత్ర మేడం అయితే ఆయన్ని పాత కోటగోడ దరిదాపులకి రానివ్వదు. కట్టించిన రాజు పేరు మారిపోతే తన పుస్తకమంతా మళ్ళీ రాసుకోవాలని ఆవిడ గోల.

కొండ కొసకి చేరి మంచినీళ్ళు తాగాక, మాస్టారు నిపుణులని ఒక్కొక్కరినే పరిచయం చేయడం ఆనవాయితీ. చరిత్ర మేడం వంతు అయ్యాక ఆయన చుట్టూ చూశాడు. ఎవరిదో సంచి మోసుకుంటూ ఆఖరున వచ్చి చేరిన తోకమ్మ దగ్గర ఆయన చూపు ఆగింది. ఎప్పుడో మానేసి వెళ్ళిపోయిన మనిషెవరో గుర్తొచ్చినట్టుంది.

"ఈవిడ మా పక్షుల నిపుణురాలు. ఈ కొండ మీద ఈవిడకి తెలియని పిట్ట లేదు. చెప్పమ్మా, సిగ్గెందుకు?"

పద్నాలుగు మొహాలు ఆమె వైపు తిరిగాయి. నేను కాదండీ అనబోయింది. అప్పుడే కింద చెట్లలో గడగడమని మోత వినపడింది.

"అది వడ్రంగి పిట్టండీ," అనేసింది. "తిండి కోసమైతే ఆగి ఆగి పొడుస్తుంది. ఇలా ఆగకుండా మోగించిందంటే జోడీని పిలుస్తోందన్నమాట. డొల్ల కొమ్మ చూసుకుని మరీ కొడుతుంది, దూరం వినపడాలి కదా."

ఎలా తెలిసిందో తెలియదు, తెలిసింది. పదకొండేళ్ళుగా చెవినపడ్డ కూతలన్నీ ఒక్కొక్కటీ పేరు చెప్పుకుని లోపలికొచ్చి కూర్చుంటున్నాయి. ఆమెకి ఏడుపొచ్చింది గానీ మాట ఆగలేదు. అరగంట చెప్పింది.

మేనేజరు బూటు విప్పి పాదం మీది బొబ్బ చూసుకుంటూనే అంతా వింది. తర్వాత ఫోన్లో జాబితా తీసి, తోకమ్మ పేరుని నిపుణుల వరసలోకి మార్చింది.

"మాస్టారు అనేశాక మనం చేసేదేముంది," అంది. "దిగేటప్పుడు ముందు నడవండి."

తోకమ్మ మాస్టారి పక్కన నడిచింది. ఆయన ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉందని ఆమెకి అప్పుడే తెలిసింది. కొంత దూరం దిగాక ఆయన గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆ కొమ్మ మీది పిట్ట పేరేంటి? తెలిసిందే, నోటికి రావడం లేదు."

"పికిలి పిట్ట, మాస్టారూ."

"పికిలి పిట్ట, పికిలి పిట్ట," అని చిన్నపిల్లాడిలా అప్పజెప్పుకున్నాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా అన్నాడు: "అదిగో, చూడండి, పాలపిట్ట."

కొమ్మ మీది పిట్ట ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత రెక్కలు విప్పి నీలంగా ఎగిరిపోయింది.

వెనక వస్తున్నవాళ్ళు, అవునా అన్నట్టు తోకమ్మ వైపు చూశారు.

"పాలపిట్టేనండీ," అంది పక్షుల నిపుణురాలు.