మంగ పేరున వేసిన బొమ్మలు

మా ఆయనకు బొమ్మలు గీయడం వచ్చని పెళ్లయిన ఇన్నేళ్లకు గానీ నాకు తెలియలేదు. తెలియకుండా ఉన్నా బాగుండేది.

కరోనా వచ్చిన మొదటి ఏడాది అది. నేతపని కోసం వలస వచ్చిన వడోద్‌లో మేముండే లైన్లో సగం గదులకు తాళాలు పడ్డాయి. రైళ్లు వదిలిన వెంటనే జగిత్యాల వాళ్లు, సిరిసిల్ల వాళ్లు మూటలు కట్టుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. మేము వెళ్లలేదు. ఊళ్లో మాకున్న ఒక్క గదిలో మా మరిది కాపురముంటున్నాడు. వానాకాలానికి సాంచాలు, అంటే మరమగ్గాలు, మళ్లీ ఆడటం మొదలైంది కానీ మా ఆయన పనిచేసే కార్ఖానా సేఠ్ మాత్రం ఎప్పుడు ఫోన్ చేసినా "థోడా రుకో, కమలాకర్ భాయ్" అని ఇంకొంచెం ఆగమనేవాడు. పొద్దంతా సాంచాల మధ్య తిరిగే మనిషి ఇంత గదిలో కాలుగాలిన పిల్లిలా తిరగసాగాడు. నేను ఇంట్లోనే చీరల కటింగ్ చేస్తాను. అంటే నేసి వచ్చిన చీర వెనుక వేలాడే దారాలను కత్తిరించడం. ఆ చీరల కుప్ప మీద ఎక్కడ కాలు వేస్తాడోనని నా ప్రాణం గిలగిల్లాడేది.

అప్పుడే మా అమ్మాయి మంగకు ఆ క్లాసు దొరికింది. బార్డోలీలో ఉండే ఫాల్గుణీ బెన్ అనే టీచరు, కొత్తగా బొమ్మలు నేర్చుకునే పిల్లలకు ఫోన్‌లో ఉచితంగా డ్రాయింగు క్లాసు పెట్టింది. మంగ అప్పుడు ఆరో తరగతి. ఏదీ నోరు తెరిచి అడగని పిల్ల, ఈ ఒక్కటీ అడిగి మరీ చేరింది. ఇంట్లో ఉన్న ఫోను మా ఆయనది. ఫోనుతో పాటు ఆయన కూడా క్లాసులో కూర్చునేవాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదటి వారం గీతలు. నిలువు గీతలు, అడ్డ గీతలు, వంకర గీతలు. అవి మంగే గీసింది. రెండో వారం వంకాయ. పిల్ల గీసిన వంకాయ చెప్పులా వచ్చింది, కాదనను.

"జర ఇటియ్యి బిడ్డా, తొడిమె కాడ సరిజేస్త" అని ఆయన పెన్సిల్ తీసుకున్నాడు. తొడిమతో మొదలుపెట్టి వంకాయంతా సరిచేశాడు. టీచరు చూసి "వాహ్, మంగా!" అంది. ఆ మాట విన్నప్పుడు ఆయన ముఖం చూడాల్సింది. సేఠ్ దీపావళికి మిఠాయి డబ్బా చేతికిచ్చినప్పుడు కూడా ఆ ముఖం అంత వెలగలేదు.

ఇక పట్టపగ్గాలు లేవు. రంగుల చక్రం ఆయనే వేశాడు. వానలో మా గల్లీ ఆయనే వేశాడు. 'మీ ఇంట్లో మనిషి'ని వేయమంటే స్టవ్వు ముందు కూర్చున్న నన్ను వేశాడు. ముక్కు పెద్దగా వేశావని నేను గొడవపడితే, ఉన్న ముక్కే వేశానన్నాడు. ఆయన వేస్తున్నంతసేపూ మంగ పక్కన మోకాళ్లు ముడుచుకుని చూస్తూ ఉండేది.

"గిది పిల్ల క్లాసా, నీ క్లాసా?" అన్నాను ఒకరోజు.

"సాయం జేస్తున్ననే. పిల్లకు జర మంచి పేరొస్తే నీకేం నొప్పి?"

"సాయమంటే చెయ్యి వట్టి దిద్దిచ్చుడు. చేతులది గుంజుకునుడు గాదు."

"నువ్వు నీ కటింగ్ చూస్కో, పద్మా."

చూసుకున్నాను. గోడలకేసి చూస్తూ సేఠ్‌ను తిట్టుకునే మనిషి, అన్నం తింటూ నీలంలో పసుపు కలిపితే ఏమొస్తుందో చెబుతున్నాడు. ఇల్లు చల్లబడింది. ఆ చల్లదనం నాకూ కావాల్సి వచ్చింది. మంగను మాత్రం అడిగాను, నువ్వు గీయవా అని. "బాపు మంచిగ గీస్తడు గద" అంది. ఆ గొంతులో కోపం వినిపిస్తే నేనే ఆయన చేతిలో పెన్సిల్ లాక్కునేదాన్ని. వినిపించలేదు.

ఆఖరి బొమ్మ చీర బోర్డరు. మీకు నచ్చిన బోర్డరు మీరే వేయండి అంది టీచరు.

"ఇన్నేండ్ల సంది నేస్తున్న. నీకే పువ్వు ఇష్టమని ఒక్కడన్న అడిగిండానే?" అన్నాడు మా ఆయన అది విని.

ఎవరూ అడగలేదు. ఆ రోజు ఆయన మీద నాకు జాలి వేసింది, ఆ జాలిలో పిల్లను మరిచిపోయాను. ఆయన చిలుకలు వేశాడు. వరుసగా చిలుకలు, మధ్యమధ్య మామిడి పిందెలు. భోజనానికి పిలిచినా లేవలేదు.

క్లాసు ముగిసే రోజు, పిల్లలందరూ తమ బొమ్మలు ఒక్కొక్కటీ చూపించి ఎలా వేశారో, ఏది కష్టమైందో, ఏం నేర్చుకున్నారో చెప్పాలి. మా ఆయన ముందురోజే మంగ చేత హిందీలో వల్లె వేయించాడు. పిల్ల బుద్ధిగా వల్లె వేసింది. బియ్యం డబ్బాకు ఫోను ఆనించి, తాను ఫోనుకు కనిపించకుండా పక్కకు కూర్చున్నాడు. తల నున్నగా దువ్వుకున్నాడు కూడా. పెళ్లిచూపులకు కూడా అంత నున్నగా దువ్వలేదు.

వంకాయ గడిచింది. చక్రం గడిచింది. గల్లీ, నా ముక్కు, అన్నీ గడిచాయి. మంగ చిలక పలుకులు పలుకుతూనే ఉంది. బోర్డరు చూపించగానే ఫాల్గుణీ బెన్ ముఖం దగ్గరగా పెట్టి చూసింది.

"చాలా బాగుంది, బేటా. కానీ ఒక చిలుక నుంచి ఇంకో చిలుకకు ఈ గీతలేమిటి? ఎగిరిపోకుండా దారంతో కట్టేశావా?" అంది హిందీలో. పిల్లలు నవ్వారు.

నేను అప్పుడు సరిగ్గా చూశాను ఆ బొమ్మను. రోజంతా నేను కత్తిరించే దారాలే అవి. సాంచె మీద చీర మంచి పక్క కిందికి ఉంటుంది, నేసేవాడి కంటికి వెనుక పక్కే కనబడుతుంది. ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు పాకే దారాలన్నీ ఆ పక్కనే ఉంటాయి. ఆయన ఇన్నేళ్లూ చూసింది అదే, వేసిందీ అదే. చీర కట్టుకునేవాళ్లకు కనిపించే పక్క వేయాలని ఆయనకు తట్టనే లేదు.

ఈ ప్రశ్నకు జవాబు మంగ వల్లె వేయలేదు. ఫోను వదిలేసి వాళ్ల బాపు వైపు చూసింది.

"పరవాలేదు, ఆ గీతలు చెరిపేస్తే సరిపోతుంది" అంది టీచరు.

"నహీ మేడమ్! మత్ మిటావో!" అని చెరపొద్దంటూ అరిచాడు మా ఆయన. "వో ఉల్టా సైడ్ హై! మషీన్ పే ఐసాహీ దిఖ్తా హై!"

తాను అరిచానని తెలిసేసరికి ఆలస్యమైంది. ఫోనులో ఎవరో పిల్లాడు "మంగాకే పప్పానే బనాయా!" అన్నాడు, గళ్లుగళ్లుగా ఉన్న ఆ ముఖాలన్నీ ఒకేసారి పగలబడి నవ్వాయి.

"భాయ్, ఇది మీరు వేశారా?" అని మెల్లగా అడిగింది ఫాల్గుణీ బెన్.

"హా జీ."

"మిగతావి?"

ఆయన తల వంచుకున్నాడు. ఆ తల వంపు కూడా వాళ్లెవరికీ కనబడదు. బొమ్మలు వేసిన మనిషి చాటున ఉన్నాడు, నవ్వులపాలైన ముఖం మాత్రం పిల్లది. మంగ చెవులు కందిపోయాయి. అయినా కదలకుండా కూర్చుంది. ఆ ఫోను పగిలిపోయినా బాగుండునని నాకు అనిపించింది.

టీచరు కోప్పడలేదు. కోప్పడితే కాస్త తేలికయ్యేది. "మరి నువ్వేం నేర్చుకున్నావు, మంగా?" అంది.

మంగ ఆలోచించింది. ఏది అడిగినా ఆలోచించే చెబుతుంది.

"పెన్సిల్ చెక్కడం" అంది. "మొన విరగకుండా, బ్లేడుతో. పప్పాకు నేనే చెక్కి ఇస్తాను. ఇప్పుడు బాగా వచ్చింది."

ఫిర్యాదుగా అనలేదు. ఏం నేర్చుకున్నావంటే వెతికి వెతికి తనకు వచ్చింది ఒకటి చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. మా ఆయన భుజం మీది తువ్వాల ముఖానికి కప్పుకున్నాడు. నేను ఆయనను తిట్టాలనుకున్నాను, ఏ ముఖంతో తిడతాను? కళ్లముందే జరుగుతుంటే కటింగ్ చేసుకుంటూ కూర్చున్నది నేను కాదూ?

"సరే. ఇప్పుడు నీకు నచ్చింది ఒకటి గీయి బేటా. మేమందరం ఆగుతాం" అంది ఫాల్గుణీ బెన్.

మంగ తెల్లకాగితం తీసుకుంది. కాసేపు దాన్నే చూసింది, తర్వాత గీయడం మొదలుపెట్టింది. పెన్సిల్ కాగితం మీద గరగరలాడింది. మా ఆయన తువ్వాల దించాడు. ఉండబట్టలేక మెల్లగా అటు వంగాడు. మంగ తల ఎత్తకుండానే ఎడమ చెయ్యి కాగితం చుట్టూ అడ్డం పెట్టుకుంది. పరీక్షలో పక్కవాడు చూసి రాస్తాడని పిల్లలు పెట్టుకుంటారే, అలాగ. ఆయన వంగినవాడు వంగినట్టే ఆగి, వెనక్కి జరిగి కూర్చున్నాడు.

అయిపోయాక కాగితాన్ని ఫోనుకు దగ్గరగా పట్టుకుంది. టీచరు నవ్వింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మంగ కూడా నవ్వింది, ఆ క్లాసు మొదలయ్యాక నేను చూసిన మొదటి నవ్వు. తర్వాత కాగితం మడిచి, తన స్కూలు సంచిలో పెట్టి జిప్పు వేసేసింది.

ఏం గీసిందో బార్డోలీ టీచరుకు తెలుసు. ఎక్కడెక్కడి పిల్లలకో తెలుసు. చూపించు బిడ్డా అని అడగడానికి మా ఆయనకు నోరు రాలేదు. నాకూ రాలేదు.