ఎండ పొట్టు

ఇంటిపనులు తెమిలి, పిల్లలు బడికీ మగవాళ్ళు కూలి అడ్డాకూ పోయాక నిజామాబాద్‌లోని ఆ గల్లీ ఆడవాళ్ళ చేతికి వస్తుంది. ఎవరి గడప ముందు వాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని కూచుంటారు. నానబెట్టిన తునికాకు కత్తిరించి, తంబాకు పోసి బీడీలు చుట్టడం మొదలుపెడితే చేతికీ నోటికీ సమానంగా పని. ఎండ గోడ దిగి వాకిట్లోకి వచ్చేసరికి అంజవ్వ బీడీల చాట పక్కన పెట్టి ఇంకో చాట అందుకుంటుంది. అది ఎండ చెరిగే చాట.

చాట నిండా ఎండ పట్టి, నాలుగుసార్లు ఎగరేసి ఊదితే వేడి పొట్టులాగా లేచి గోడవారకు పోతుంది. వెలుగు సన్న రవ్వలాగా చాటలో మిగులుతుంది. దాన్ని మట్టి గురిగిలో పోసి మూత పెట్టుకుంటే కరెంటు పోయినప్పుడు పనికొస్తుంది. గల్లీలో అందరూ చెరుగుతారు గానీ అంజవ్వంత శుభ్రంగా ఎవరికీ రాదు. పక్కింటి నాగవ్వ చెరిగిన వెలుగులో ఎప్పుడూ కాస్త పొట్టు ఉండిపోయి, మూత తియ్యగానే ముఖం చుర్రుమంటుంది. పొట్టు ఎవరికీ అక్కర్లేదు. నిజామాబాద్‌లో పుట్టి వేడిని దాచుకునే వెర్రివాళ్ళెవరుంటారు? చీపురు పెట్టి, మురుగు పోయే మోరీ గోడకు ఊడ్చేస్తారు. చలికాలంలో కుక్కలు వచ్చి దానిమీద ముడుచుకుని పడుకుంటాయి.

అంజవ్వకు బీడీల మీద కోపం లేదు. కోపమంతా బీడీ కట్టకు అంటించే కాగితం మీద. పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఆమె చుట్టిన కట్టలన్నీ బీడీ కంపెనీ మీసాల సేటు బొమ్మతోనే బజారుకు పోయాయి. "చేతులు నాయి, మీసాలు వానియి" అని వారానికొకసారైనా అనకపోతే ఆమెకు అన్నం సహించదు.

ఆమె కూతురు రుచిత డిచ్‌పల్లి యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివి, బోధన్ దగ్గర చెరుకు తోటల మధ్య ఒక పాత బెల్లం షెడ్డులో ఉద్యోగం చేస్తోంది. షెడ్డు రాజేంద్రప్రసాద్‌ది. అతని తాత కాలువ నీళ్ళను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి చెరుకు వేశాడు. మనవడు బెల్లం పెనాలు బయటపడేసి, చంద్రుడి మీద తిరిగే బండి తయారు చేస్తున్నాడు. సూట్‌కేసంత బండి. దాని చక్రాల దగ్గర్నుంచి వైర్లదాకా రుచిత చెయ్యి పడనిది లేదు. పండక్కి ఇంటికి వచ్చినా బండి కబుర్లే.

"అంతా మంచిగుందమ్మా, రాత్రితోనే కష్టం" అంది ఒకసారి. "చంద్రుని మీద ఒక్క రాత్రి మన రెండు వారాలంత ఉంటది. ఆ చలికి బ్యాటరీ బిగుసుకపోయి సస్తది."

కూతురి కష్టం చూసి అంజవ్వ ఊరుకుంటుందా? మంచి వెలుగు ఏరి, పెద్ద గురిగిలో పోసుకుని, బోధన్ బస్సెక్కింది. షెడ్డులో చలిపెట్టె ఒకటి ఉంది. చంద్రుడి మీద ఉండే చలిని అందులో పుట్టిస్తారు. ఆ పెట్టెలో బండిని పెట్టి, చుట్టూ వెలుగు పోశారు. బండి పెళ్ళికూతురిలాగా ధగధగ మెరిసింది. మెరుస్తూ మెరుస్తూనే చచ్చిపోయింది.

అంజవ్వ నెత్తి కొట్టుకుంది. "నా తెలివి మన్నువడ! చలివెట్టినోనికి దీపం వెట్టి ఏం లాభమే? ఉడుకు గావాలె. గా ఉడుకునే గదా ఇన్నేండ్ల సంది మోరీల కొడ్తున్నం!"

వారం తిరక్కుండా మోరీ గోడ నుంచి పొట్టు ఎత్తుకొచ్చింది. డబ్బాలో పోస్తే ఎగిరిపోయింది, గుడ్డలో కడితే ఇగిరిపోయింది. చివరికి తునికాకులో వేసి, బీడీ చుట్టినట్టే చుట్టి, మూతి మలిచి ఎర్రదారం కడితే అప్పుడు నిలిచింది. ఆ కట్ట పెట్టుకుని చలిపెట్టెలోకి వెళ్ళిన బండి, బయటికి తీసేసరికి అప్పుడే దించిన కుండలాగా వెచ్చగా ఉంది. రుచిత బండినీ తల్లినీ కలిపి కౌగిలించుకుంది.

రాజేంద్రప్రసాద్ సంతోషంతో షెడ్డంతా రెండు చుట్లు తిరిగి వచ్చి, గొంతు తగ్గించాడు. "అద్భుతమండీ అంజవ్వగారూ! ఒక్కటే మాట. ఆ ఆకులు పైకి కనపడకుండా వెండి రేకు చుట్టేద్దాం. మన ల్యాబులో తయారైందని చెబుదాం. చంద్రుడి మీదకి బీడీకట్ట పంపారని తెలిస్తే, రాకెట్టు పంపే బెంగుళూరు వాళ్ళు పగలబడి నవ్వుతారండీ."

"ఎవలు చేసిండ్రంటరు?"

"మా ల్యాబేనండీ. రాజేంద్రా ల్యాబ్స్."

"మీసాల సేటు సాలు సారూ నాకు. ఇంకొకని మీసాలు గూడ మొయ్యాల్నా?"

మీసాల్లేని రాజేంద్రప్రసాద్ పై పెదవి తడుముకున్నాడు.

రుచిత తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, పేరుల ఏమున్నదే? బండి బతుకుతది."

"పేరుల ఏం లేకుంటె మరి ఆయన పేరెందుకు వెడ్తుండు బిడ్డా? మనది పెట్టుమను. అంజవ్వ అని వద్దు, మా గల్లీ పేరు వెట్టుమను."

అతను నేలచూపులు చూశాడు. అంజవ్వ కట్ట తీసి కొంగున ముడేసుకుంది. బస్సు వచ్చేదాకా కూతురు బతిమాలుతూనే ఉంది. తల్లి ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. బస్సులో కూచున్నాక మాత్రం దిగేదాకా ఏడ్చింది.

రాజేంద్రప్రసాద్ విదేశాల నుంచి ఏదో హీటరు తెప్పించి బిగించాడు. రాకెట్టు మీద ఎక్కి బండి వెళ్ళింది, చంద్రుడి మీద దిగింది, పగలంతా బుద్ధిగా తిరిగి ఫొటోలు పంపింది. అక్కడ పొద్దుగూకింది. బండి సిగ్నలు కొన్నాళ్ళు సన్నగా మూలిగి, తర్వాత ఆ మూలుగు కూడా ఆగిపోయింది. హీటరు పనిచెయ్యలేదు. "అయిపోయిందమ్మా. షెడ్డుకి తాళం వేసేద్దాం" అని రాజేంద్రప్రసాద్ టోపీ తీసి కుర్చీ మీద పడేశాడు.

రుచిత బట్టల సంచితో ఇంటికి వచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం పెడితే తినలేదు. సాయంత్రం గోడవైపే చూస్తూ అంది.

"నువ్విస్తే బతుకుతుండె. నీ పంతానికి సచ్చింది."

ఆ మాట అంజవ్వకు తగలవలసిన చోటే తగిలింది.  తప్పు తనదేనా అని తనను తాను ప్రశ్నించుకుంది. రేకు చుట్టనిస్తే పోయేదేముంది? పిల్ల నవ్వేది. మళ్ళీ ఆ నేలచూపులు గుర్తొచ్చాయి, ఒళ్ళు మండింది. పంతం తప్పు కాదు. అయితే పంతం ఎవరి మీద?

"నేను సారుకు ఇయ్యనన్న" అంది. "బండికి ఇయ్యనన్ననా? లే. యాడున్నదో సూపెట్టు."

కూతుర్ని రెక్క పట్టి మిద్దె మీదికి లాక్కెళ్ళింది. పడమట నెలవంక సన్నగా ఉంది. దాన్ని ఆనుకుని మిగతా చంద్రుడు మసిగా కనబడీ కనబడకుండా ఉన్నాడు. రుచిత వేలు చూపించింది. "గా నల్లటి జాగల."

అంజవ్వ పిట్టగోడ మీంచి వంగి కేకేసింది. "నాగవ్వా! అందర్ని చాటలు వట్టుకొని మీదికి రమ్మను. మోరీ కాడి పొట్టంత ఎత్తుకరాండ్రి."

"ఎటుదిక్కు చెరుగుడక్కా?" అంది నాగవ్వ, అదొక్కటే సందేహం ఉన్నట్టు.

"మీదికి."

గల్లీలో ఉన్న మిద్దెలన్నీ ఆడవాళ్ళతో నిండిపోయాయి. ఏళ్ళ తరబడి ఊడ్చి పోసిన పొట్టంతా తట్టలతో పైకి వచ్చింది. జీవితమంతా కిందికి చూసి పనిచేసిన మెడలు పైకి లేచాయి. చాటలు ఒక్కసారి ఎగిరాయి. పొట్టు ఎర్రగా లేచి, కరెంటు తీగలు దాటి, సెల్‌టవరు దాటి, నెలవంక పక్కనున్న నలుపులోకి పోయింది. రుచిత చూస్తూ చూస్తూ ఉండలేక పమిట బిగించి, నాగవ్వ చేతిలో చాట లాక్కుంది. చిన్నప్పుడు నేర్చిన చెయ్యి, మర్చిపోలేదు.

నెలవంక దిగిపోయేదాకా చెరిగారు. మర్నాడూ చెరిగారు, ఆ తర్వాతా చెరిగారు. వేడంతా పైకి పోయి, నడి ఎండాకాలంలో ఆ గల్లీ వాళ్ళు దుప్పట్లు కప్పుకున్నారు. పిల్లలకు జలుబులు చేశాయి. ఐస్‌బండివాడు ఇక్కడ బేరం లేదని పక్క వీధికి మళ్ళాడు.

చంద్రుడి మీద తెల్లవారింది. ఆ పూట రాజేంద్రప్రసాద్ జీపు గల్లీ మొదట్లో ఆగింది. అతను అంజవ్వ గడప ముందు గోనెపట్టా మీద కూలబడి, ఆమె ఇచ్చిన నీళ్ళు గటగటా తాగాడు.

"బండి లేచిందండీ. బ్యాటరీ వెచ్చగా ఉంది. నా హీటరు మాత్రం చచ్చే ఉంది." ఊపిరి తీసుకున్నాడు. "బెంగుళూరు నుంచి పెద్దవాళ్ళొచ్చారు. పేపర్ల వాళ్ళొచ్చారు. ఎలా లేచిందంటున్నారు. మా ల్యాబంటే అబద్ధం. ఉన్నది చెబితే నవ్వుతారు. నాకు ధైర్యం చాలట్లేదమ్మా."

అంజవ్వ ఖాళీ చెంబు అందుకుంది. కూతురి వైపు చూసింది. ఈ జవాబు తను చెప్పేది కాదని ఆమెకు తెలుసు. 

రుచిత ఒళ్ళోని బీడీల చాట దించి, లేచి చెప్పులు వేసుకుంది. చెంపలకు తంబాకు దుమ్ము అలాగే ఉంది. "నడువుండ్రి సార్. నేను చెప్త."

రాజేంద్రప్రసాద్ జీపును బోధన్ దారి పట్టించాడు. చెరుకు తోటలు మొదలయ్యాక అన్నాడు: "రెండో బండి నీదేనమ్మా రుచితా. ఏం పెట్టాలో, ఏ పేరుతో పంపాలో నువ్వే చూసుకో. నేను అడ్డం రాను."

షెడ్డు నిండా జనం. కుర్చీలు చాలక, బయటపడేసిన బెల్లం పెనాలు తెచ్చి బోర్లించుకుని కూచున్నారు. ముందు వరసలోని పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకుని అడిగాడు: "ఆ వేడి ఎక్కడిది? ఎవరు తయారు చేశారు?"

"మా అమ్మ" అంది రుచిత. "నిజామాబాద్‌ల బీడీలు చేస్తది. అమ్మ, మా గల్లీ ఆడోళ్ళు కలిసి చంద్రుని మీదికి ఎండ పొట్టు చెరిగిండ్రు. నేను గూడ చెరిగిన."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అది చూసి ఇంకొకరు, ఆపైన సగం షెడ్డు. రాజేంద్రప్రసాద్ తల వంచుకోబోయి, ఎందుకో ఆగి, వచ్చి రుచిత పక్కన నిలబడ్డాడు.

రుచిత కదల్లేదు. నవ్వు దానంతట అది చల్లారేదాకా చేతులు కట్టుకుని వాళ్ళనే చూస్తూ నిలబడింది.

"అయ్యిందా నవ్వుడు?" అంది. "ఇగ పేరు రాసుకోండ్రి. అంజవ్వ."